విమానం తూకంలో ఓడ ముస్తాబు: క్రూజ్ ఫార్మల్ నైట్‌లకు బట్టలు ఎలా సర్దుకోవాలి

హైదరాబాదులో విమానం ఎక్కి, బార్సిలోనాలో ఓడ ఎక్కి, ఏడు రాత్రులు మధ్యధరా సముద్రం మీద తిరిగి రావాలనుకునేవారికి సర్దుకునే వేళ ఒక చిక్కు ఎదురవుతుంది. పెట్టె ఎంత బరువున్నా ఓడవారు పెద్దగా పట్టించుకోరు గానీ, వారంలో సాధారణంగా రెండు రాత్రులు పెద్ద భోజనశాలకు ముస్తాబై రమ్మంటారు. ఆ ముస్తాబును మోసుకెళ్ళాల్సిన విమానం మాత్రం ప్రతి కిలోనూ లెక్కపెడుతుంది. ఈ రెండింటి మధ్యా నలిగిపోకుండా, ఇద్దరు మనుషుల ఫార్మల్ దుస్తులన్నింటినీ నాలుగు కిలోలకు కాస్త అటూఇటూగా ఎలా ముగించవచ్చో ఇక్కడ వరుసగా వివరిస్తున్నాను. మన చీర, మెడ దాకా మూసుకునే మన బంద్‌గలా కోటు ఈ పనిని ఎంత తేలిక చేస్తాయో చాలామంది గమనించరు కాబట్టి, వాటి గురించి కాస్త ఎక్కువగానే చెబుతాను.

మొదట చూడవలసినది: మీ ఓడ అసలు ఏమి అడుగుతోంది

ఫార్మల్ నైట్ అనే మాటకు అన్ని ఓడలలోనూ ఒకే అర్థం లేదు. క్యూనార్డ్ అనే సంస్థ ఓడలలో ఫార్మల్ నైట్‌ను గాలా ఈవినింగ్ అంటారు; అంటే సాయంత్రం ఆరు దాటిన తరువాత ఓడలోని చాలా భాగాలలో నల్లకోటు, బో టై లేదా ముదురు రంగు సూటు, స్త్రీలకు పొడవాటి గౌను వంటివి ధరించి కనిపించాలి. రాయల్ కరీబియన్ వంటి సంస్థల ఓడలలో ఆ పట్టుదల అంత ఉండదు. చక్కటి చొక్కా, కోటు, మంచి ప్యాంటుతో వెళ్ళినా భోజనశాలలో ఆదరంగానే కూర్చోబెడతారు. నార్వీజియన్ ఓడలలోనైతే తప్పనిసరి ఫార్మల్ రాత్రి అన్నదే లేదు. అందువల్ల పెట్టె తెరవకముందే మీ ఓడ సంస్థ వెబ్‌సైటులో దుస్తుల నియమం చదివి, ఎన్ని రాత్రులు ఫార్మల్‌గా ఉంటాయో, ఆ రాత్రులలో మామూలు బట్టలతో తినగలిగే చోటు ఏదో రాసిపెట్టుకోండి. బఫే భోజనశాలలో సాధారణంగా ఈ నియమం వర్తించదు. ఇద్దరికీ ముస్తాబు మీద ఆసక్తి లేకపోతే ఆ రెండు రాత్రులూ బఫేలో తిని, ఈ వ్యాసంలో చాలాభాగాన్ని వదిలేయవచ్చు. అందులో చిన్నతనమేమీ లేదు.

తెలుగువారు తప్పక గమనించవలసిన మాట ఒకటి ఆ నియమాలలో ఉంటుంది. క్యూనార్డ్ తన నియమంలోనే ఫార్మల్ జాతీయ దుస్తులను అంగీకరిస్తున్నట్టు స్పష్టంగా రాసింది. తక్కిన ఓడలలోనూ పట్టుచీరను చూసి ఇది ఫార్మల్ కాదు అనేవారు ఉండరు. కాబట్టి ఈ ప్రయాణం కోసమని పనిగట్టుకుని గౌను కొనడం, ఒక్కసారి వేసుకునే టక్సీడో (బో టైతో వేసుకునే నల్ల విందు సూటు) కుట్టించడం అనవసరమైన ఖర్చు, దానికి మించి అనవసరమైన బరువు.

రెండవది: దారిలో అన్నిటికంటె తక్కువ పరిమితి ఏదో కనిపెట్టండి

మీ టికెట్టు మీద ఉన్న పెద్ద అంకెను చూసి సంతోషపడితే మోసపోతారు. హైదరాబాదు నుంచి బార్సిలోనాకు నేరుగా విమానం లేదు. దుబాయ్, దోహా వంటి చోట మారాలి. విజయవాడ నుంచో విశాఖపట్నం నుంచో బయలుదేరేవారికి దానికి ముందు ఒక దేశీయ విమానం కూడా ఉంటుంది. దేశీయ ఎకానమీ టికెట్టుకు సాధారణంగా 15 కిలోల పెట్టె, చేతిలో 7 కిలోల సంచి మాత్రమే అనుమతిస్తారు. మొత్తం ప్రయాణం ఒకే బుకింగ్ కింద ఉంటే అంతర్జాతీయ పరిమితే మొదటి నుంచి చివరి వరకూ వర్తించడం వాడుక. విడివిడిగా కొన్న టికెట్లయితే ప్రతి విమానం తన లెక్క తాను చూసుకుంటుంది. ఓడ దిగాక రోములోనో పారిస్‌లోనో మరో రెండు రోజులు గడపాలని ర్యాన్‌ఎయిర్, ఈజీజెట్ వంటి చౌక విమానాలలో టికెట్టు కొన్నవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. వాటి కనీస టికెట్టుకు సీటు కింద పట్టే చిన్న సంచి ఒక్కటే ఉచితం. పెట్టెకు విడిగా డబ్బు కట్టాలి, ఆ డబ్బు ముందుగా ఆన్‌లైన్‌లో కడితే తక్కువ, కౌంటరు దగ్గర కడితే చాలా ఎక్కువ.

కొన్ని సంస్థలు మొత్తం బరువును లెక్కిస్తాయి, కొన్ని పెట్టెల సంఖ్యను లెక్కిస్తాయి. రెండవ పద్ధతిలో ఎకానమీ వారికి ఒక్కొక్క పెట్టె 23 కిలోలు, పొడవు వెడల్పు ఎత్తు కలిపి 158 సెంటీమీటర్లు దాటకూడదన్నది ఎక్కువగా కనిపించే నియమం. ఏ పద్ధతిలోనైనా ఒకే పెట్టె 32 కిలోలు మించితే ఎత్తే సిబ్బంది భద్రత దృష్ట్యా తీసుకోరు. ఇవన్నీ ఒక కాగితం మీద రాసి, అందులో అతి చిన్న అంకెను చుట్టి, దానికి కిలోన్నర తగ్గించి సర్దుకోండి. ఆ కిలోన్నర తిరుగు ప్రయాణానికి: ఓడలో ఏమీ కొననని ఒట్టు వేసుకున్నవారు కూడా ఏదో ఒకటి కొంటారు.

లగేజీ కాటా ఒకటి ఇంట్లో లేకపోతే కొనుక్కోండి. కొక్కెం తగిలించి ఎత్తితే అంకె చూపించే చిన్న సాధనం అది. మనవారి పెట్టెలలో చివరి నిమిషంలో చోటు సంపాదించే ఆవకాయ సీసా, జంతికల డబ్బా గురించి కూడా ఇక్కడే చెప్పాలి. ఇంట్లో చేసిన తినుబండారాలను చాలా ఓడలు లోనికి రానివ్వవు. వాటిని ఇంట్లోనే వదిలేస్తే రెండు మూడు కిలోలు ఊరికే మిగులుతాయి, మీ ఫార్మల్ దుస్తుల సగం సమస్య అక్కడే తీరిపోతుంది.

మూడవది: బట్టలను కాదు, ముందు చెప్పులను తూచండి

పెట్టె బరువెక్కితే మనం చీరలనే అనుమానిస్తాం. ఒకసారి మా ఇంట్లో అన్నిటినీ విడివిడిగా తూచి చూస్తే అసలు దొంగలు వేరే ఉన్నారు. మగవారి తోలు బూట్ల జత కిలో దాటింది. ఆడవారి మడమ చెప్పులు అరకిలో పైచిలుకు. నగల వెల్వెట్ పెట్టెలు ఒక్కొక్కటి లోపలి నగకంటె ఎక్కువ తూగాయి. నిండా జరీ ఉన్న కంచిపట్టు చీర తొమ్మిది వందల గ్రాములుంటే, ఉప్పాడ చీర దాదాపు అందులో సగమే ఉంది. జార్జెట్ చీర నాలుగు వందల గ్రాములు. మూడు ముక్కల సూటు, పనితనం ఎక్కువ ఉన్న షేర్వాణీ మాత్రం నిజంగానే బరువైనవి. పెళ్ళిలో బాగుంటాయి గానీ ఈ ప్రయాణానికి పనికిరావు.

కాబట్టి నియమం ఇలా పెట్టుకోండి. మగవారు నల్లబూట్లు ఒకే జత తీసుకుని, వాటినే విమానంలో తొడుక్కుని వెళ్ళాలి. తేలికైన నడక బూట్లను పెట్టెలో పెట్టాలి. బూట్ల లోపలి ఖాళీలో మేజోళ్ళు, టై, బెల్టు చుట్టి కూర్చితే చోటూ కలిసొస్తుంది, బూటు ఆకారమూ చెడదు. ఆడవారు రెండు రాత్రులకూ సరిపడే ఒకే జత చెప్పులు, బంగారు లేదా వెండి వన్నెలో, మడమ తక్కువగా ఉన్నవి ఎంచుకోండి. చీర కుచ్చిళ్ళ కింద అవి ఎలాగూ సగమే కనిపిస్తాయి, పైగా సముద్రం కాస్త చెలరేగిన రాత్రి ఎత్తు మడమలతో మెట్లు దిగడం సాహసమే అవుతుంది. చెప్పుల ఎత్తును బట్టే చీర కట్టే పొడవు, లోలంగా పొడవు కుదురుతాయి కాబట్టి, ఒకే జత ఉంటే అన్ని చీరలూ ఒకే కొలతకు కట్టుకోవచ్చు.

నాలుగవది: ఒక మూలం, రెండు రూపాలు

ఆడవారికి నేను సూచించేది రెండు చీరలు, వాటిలో కనీసం ఒకటి ఉప్పాడ వంటి తేలికపాటి పట్టు. రెండూ ఒకే రంగు లోలంగా మీద కట్టుకోగలిగేలా ఎంచుకోండి. ముదురు మెరూన్, ముదురు ఆకుపచ్చ, నలుపు వంటివి ఒకదానికొకటి ఇబ్బంది పెట్టవు. బంగారు వన్నె లేదా నల్ల బ్లౌజు ఒకటి రెండు చీరలకూ నప్పితే, రెండవ బ్లౌజు అత్యవసరానికి మాత్రమే అవుతుంది. పోచంపల్లి ఇక్కత్ పట్టు ఉన్నవారు అది తప్పక పెట్టుకోండి. జరీ తళుకు లేకుండానే ఆ నేత దూరం నుంచి కనబడుతుంది, ఓడ భోజనశాల వెలుతురులో ఫొటోలలో చాలా బాగా వస్తుంది.

మగవారికి బంద్‌గలా కోటు ఒక వరం. సూటు వేసుకుంటే దానికి తగిన చొక్కా, టై, ఆ టైకి తగిన కాలరు అన్నీ కావాలి. బంద్‌గలాకు లోపల ఏ పలుచని చొక్కా వేసుకున్నా మెడ మూసుకుపోతుంది, టై అక్కరలేదు, కఫ్‌లింకులు అక్కరలేదు. నలుపు లేదా ముదురు నీలం రంగులో, చేతులకు మాత్రమే పలుచని లైనింగు వేసి కుట్టించుకుంటే తొమ్మిది వందల గ్రాములలో తేలిపోతుంది. మొదటి రాత్రి నల్ల ప్యాంటుతో పూర్తిగా మూసి, రెండవ రాత్రి జేబులో పోచంపల్లి రుమాలు మడిచి పెట్టి వేసుకుంటే చాలు; అదే కోటు అని గుర్తుపట్టేవారు మీ భార్య తప్ప ఇంకెవరూ ఉండరు. పట్టుపంచె, లాల్చీ, కండువా కూడా నియమం ప్రకారం జాతీయ దుస్తులే. పంచెకట్టు అలవాటున్నవారికి అది అన్నిటికంటె తేలికైన మార్గం. అలవాటు లేనివారు మాత్రం ఊగే ఓడ మీద మొదటి ప్రయోగం చేయకండి.

శాలువా లేదా దుపట్టా ఒకటి తప్పనిసరిగా ఉండాలి. ఓడలో భోజనశాలలనూ థియేటరునూ బాగా చల్లగా ఉంచుతారు. అదే శాలువా విమానంలో దుప్పటి అవుతుంది, రోములోని వాటికన్‌లో సెయింట్ పీటర్స్ బసిలికా అనే పెద్ద చర్చికి వెళ్ళినప్పుడు భుజాలు కప్పుకోవడానికీ పనికొస్తుంది.

పిల్లల విషయం త్వరగా ముగిస్తాను: ఆడపిల్లకు పరికిణీ ఒకటి, మగపిల్లవాడికి కుర్తా పైజమా ఒకటి, రెండు రాత్రులకూ అవే. వారికోసం కొత్త బూట్లు వద్దు.

నగల దగ్గర మాత్రం కాస్త ఆగాలి. అసలు బంగారం తీసుకువెళ్తే బరువుకంటె బెంగ ఎక్కువ. విలువైన నగలు వెంట తీసుకువెళ్ళేవారు బయలుదేరేటప్పుడు విమానాశ్రయంలోని కస్టమ్స్ వారికి చూపించి ఎగుమతి ధ్రువపత్రం తీసుకుంటే, తిరిగి వచ్చినప్పుడు అవి విదేశంలో కొన్నవి కావని నిరూపించుకోవచ్చు. అయితే దానికి కావలసిన సమయాన్నీ కాగితాలనూ తలుచుకుంటే, బంగారు పూత వేసిన మచిలీపట్నం చిలకలపూడి నగలు ఉండగా ఆ శ్రమ ఎందుకనిపిస్తుంది. ఆ పేరు వినని తెలుగింటి ఆడవారు అరుదు. ఒక పొడవాటి హారం, ఒక జత జుంకాలు, నాలుగు గాజులు, రెండు రాత్రులకూ సరిపోతాయి. వెల్వెట్ పెట్టెలు వదిలేసి, మందుబిళ్ళలు వేసుకునే వారంరోజుల డబ్బాలో జుంకాలనూ ఉంగరాలనూ, చిన్న గుడ్డసంచిలో హారాన్నీ సర్దండి.

ఇప్పటివరకూ చెప్పినవాటిని కాటా మీద పెడదాం. ఆమెవి: రెండు చీరలు తొమ్మిది వందల గ్రాములు, బ్లౌజులు మూడు వందలు, లోలంగా రెండు వందలు, చెప్పులు అయిదు వందలు, నగలు రెండు వందలు, శాలువా రెండు వందలు. అతనివి: కోటు తొమ్మిది వందలు, ప్యాంటు నాలుగు వందలు, రెండు చొక్కాలు అయిదు వందలు. మొత్తం నాలుగు కిలోల వంద గ్రాములు. కోటును ఒంటి మీద వేసుకుని విమానమెక్కితే మూడు కిలోల రెండు వందలే పెట్టెలోకి వస్తుంది.

అయిదవది: మడత పెట్టడం

ఓడ క్యాబిన్‌లోకి ఇస్త్రీపెట్టెను గానీ, ఆవిరితో ముడతలు తీసే స్టీమరును గానీ తీసుకురానివ్వరు. అగ్నిప్రమాదం భయంతో ఎక్కేచోటే స్కానింగులో పట్టుకుని తీసేసుకుంటారు. క్యూనార్డ్, ప్రిన్సెస్ ఓడలలో ప్రయాణికులు తామే బట్టలు ఉతుక్కుని ఇస్త్రీ చేసుకునే గదులుంటాయి. రాయల్ కరీబియన్ ఓడలలో అవి లేవు, డబ్బిచ్చి సిబ్బందికి ఇవ్వవలసిందే. కాబట్టి మడతల దగ్గరే జాగ్రత్త పడాలి.

ఇప్పుడు హైదరాబాదు, విజయవాడల్లో చీరకు ముందే కుచ్చిళ్ళు, పైట మడతలు పెట్టి, పిన్నులు గుచ్చి, ఇస్త్రీ చేసి, చదరపు పెట్టెలా మడిచి ఇచ్చేవారు చాలామంది ఉన్నారు. ఈ ప్రయాణానికి ఇంతకంటె ఉపయోగపడే సేవ మరొకటి లేదు. అలా మడిచిన చీర పుస్తకమంత చోటులో ఒదుగుతుంది, క్యాబిన్‌లోని ఇరుకు అద్దం ముందు అయిదు నిమిషాలలో కట్టుకోవచ్చు. జరీ గీసుకుపోకుండా పాత మెత్తటి నూలుగుడ్డలో చుట్టండి. పిన్నీసులు మాత్రం కావలసినదానికి రెట్టింపు తీసుకువెళ్ళండి. ఓడ దుకాణంలో వజ్రాలు దొరుకుతాయి గానీ పిన్నీసులు దొరుకుతాయన్న నమ్మకం పెట్టుకోవద్దు.

కోటును పెట్టెలో పెట్టక తప్పకపోతే, ఒక భుజాన్ని లోపలికి తిప్పి, రెండవ భుజాన్ని దానిలోకి దూర్చి, లైనింగు పైకి వచ్చేలా నిలువునా సగానికి మడవండి. దాన్ని లాండ్రీవారు ఇచ్చే పలుచని ప్లాస్టిక్ కవరులో పెట్టి, అన్నిటికంటె పైన ఉంచండి. ప్లాస్టిక్ మీద బట్ట జారుతుంది కాబట్టి ముడత పడదు. మెత్తటి బట్టలను చుట్టగా చుట్టి అంచుల వెంట కూర్చండి. గాలి తీసేసే సంచులు చోటును తగ్గిస్తాయి గానీ బరువును ఒక్క గ్రామైనా తగ్గించవు, పైగా పట్టును నలిపేస్తాయి. ఫార్మల్ బట్టలకు వాటిని వాడవద్దు.

ఆరవది: పెట్టె రాకపోతే

అన్నిటికంటె ముఖ్యమైన పని ఇది. మామూలు ప్రయాణంలో ఆలస్యమైన పెట్టెను మీ హోటలుకు పంపిస్తారు. ఓడ అయితే మరునాటికి మార్సేయ్ వెళ్ళిపోతుంది, పెట్టె వెనకాలే తిరుగుతుంది. మాతో ప్రయాణించిన ఒక జంట పెట్టె నాలుగవ రోజున నేపుల్స్‌లో వారిని కలిసింది. మొదటి ఫార్మల్ రాత్రి అప్పటికే అయిపోయింది.

దీనికి మందు మూడు పనులు. ఓడ బయలుదేరే రోజుకు ఒక రోజు ముందే బార్సిలోనా చేరేలా విమానం బుక్ చేసుకోండి. ఇద్దరి బట్టలనూ రెండు పెట్టెలలో సగం సగం కలిపి సర్దండి, అప్పుడు ఒక పెట్టె తప్పిపోయినా ఇద్దరికీ ఒక్కొక్క జత మిగులుతుంది. మూడవది, ఒక చీర, బ్లౌజు, లోలంగా, ఒక చొక్కా, నగలు, మందులు చేతిసంచిలో ఉంచుకోండి. కోటు ఎలాగూ ఒంటి మీద ఉంటుంది. ఇవన్నీ కలిపి రెండు కిలోలు కావు, 7 కిలోల పరిమితిలో హాయిగా పడతాయి. పవర్‌బ్యాంకు కూడా చేతిసంచిలోనే ఉండాలి, పెద్ద పెట్టెలో వేయకూడదు. అత్తరు, హెయిర్ స్ప్రే వంటివి చేతిసంచిలో పెట్టేట్టయితే ఒక్కొక్క సీసా 100 మిల్లీలీటర్లు మించకూడదు.

పెట్టె నిజంగానే రాకపోతే విమానాశ్రయం దాటకముందే విమానసంస్థ కౌంటరులో ఫిర్యాదు రాయించి, దాని నంబరు తీసుకుని, ఓడ పేరు, ఆగే రేవులు, తేదీలు ఉన్న కాగితాన్ని వారికి ఇవ్వండి. అవసరమై కొన్న బట్టల రసీదులు దాచండి. అంతర్జాతీయ విమాన ప్రయాణాలకు వర్తించే మాంట్రియల్ ఒప్పందం ప్రకారం ఆలస్యమైన సామానుకు పరిహారం అడగాలంటే, పెట్టె చేతికి వచ్చిన 21 రోజుల లోపు రాతపూర్వకంగా కోరాలి.

ఓడ ఎక్కాక

రేవులో పెద్ద పెట్టెలను కూలీలకు అప్పగిస్తే అవి క్యాబిన్ గుమ్మం దగ్గరికి చేరేసరికి ఒక్కోసారి రాత్రి భోజనవేళ అవుతుంది. అందుకే మొదటి రాత్రిని ఫార్మల్‌గా పెట్టడం అరుదు. పెట్టె రాగానే ముందు తీయవలసినవి ఈ బట్టలే. క్యాబిన్ గోడలు ఎక్కువగా లోహంతో చేసినవి కాబట్టి అయస్కాంతపు కొక్కేలు రెండు తీసుకువెళ్తే అలమరలో ఇరుకున పడకుండా కోటును గోడకే వేలాడదీయవచ్చు. స్నానాల గదిలో వేడినీరు వదిలి పది నిమిషాలు ఆవిరిలో ఉంచితే కోటు ముడతలు చాలావరకు సర్దుకుంటాయి. పట్టుచీరను మాత్రం ఆవిరికి దూరంగా ఉంచండి, నీటిచుక్క పడితే మచ్చ మిగులుతుంది. ఇస్త్రీకి ఇవ్వవలసినవి మొదటి రోజే ఇచ్చేయండి, ఫార్మల్ రాత్రి నాటి మధ్యాహ్నం అందరూ ఒకేసారి ఇస్తారు. ఖాళీ పెట్టెలు మంచం కిందికి వెళ్తాయి.

చివరి రాత్రి పెట్టెలను గుమ్మం బయట పెట్టమంటారు, అవి తిరిగి రేవులోనే కనబడతాయి. ఆ తొందరలో మరునాడు వేసుకునే బట్టలతో సహా అన్నీ సర్దేసి, రాత్రిదుస్తులతో మిగిలిపోయేవారు ప్రతి ఓడలోనూ ఉంటారు. మరునాటి జత, బూట్లు, నగలు, పాస్‌పోర్టులు పక్కన పెట్టిన తరువాతే పెట్టెకు తాళం వేయండి. బంద్‌గలా కోటును మాత్రం పెట్టెలోకి పోనివ్వకుండా కుర్చీకి తగిలించండి, తిరుగు విమానంలోనూ దాన్ని ఒంటి మీదే తీసుకురావాలి.